చేప బుగ్గలో ముక్కు

...లేదా ఆ మీటని ఇంకొక్క వేలెడు వెనక్కి జరిపి ఉంటే, బొటనవేలు దానంతట అదే వెళ్ళి దాని మీద వాలేది. వెతుక్కునే పని ఉండేది కాదు. చీకట్లో వెతుక్కునే చెయ్యి భయపడుతుంది. భయపడ్డ చెయ్యి నీరసిస్తుంది. చెయ్యి నీరసిస్తే మనిషి తుపాకి బరువంటాడు. వాళ్ళూ చివరికి అదే అన్నారు కదా, బరువని. బరువు తుపాకిది కాదు, ఆ వేలెడు దూరానిది. ఈ మాట ఎవరికైనా చెప్పాలి, రేపే చెప్పాలి...

"కాఫీ చల్లారిపోతోంది," అంది ఇర్మ్‌ట్రౌట్.

వెండెలిన్ తలెత్తాడు. వంటింటి కిటికీ అవతల నెక్కర్ ఏటి లోయ నిండా పొగమంచు నిలబడి ఉంది. ఎదుటి గట్టు మీద ఫ్యాక్టరీ దీపాలు నీళ్ళ అడుగున ఎవరో మరిచిపోయి వదిలేసిన దీపాల్లా కనిపిస్తున్నాయి. ఎవరికి చెప్పాలి? ఆ మీట ఎక్కడ ఉంటేనేం ఇప్పుడు? మీట ఉండాల్సిన తుపాకే లేదు. ఆకులు రాలే రోజుల్లోనే రద్దయింది. అతని బుర్ర మాత్రం, యజమాని చచ్చిపోయాడని తెలియని గుర్రంలా, రోజూ పొద్దున్నే లేచి అదే దారిన బండి లాక్కుపోతోంది.

"మళ్ళీ చెరిపేశావా?" అంది ఆమె.

అతను కిందికి చూసుకున్నాడు. రొట్టెకీ వెన్నగిన్నెకీ మధ్య చెక్క తుపాకి పడుకుని ఉంది. నిజం తుపాకి కాదు, లిండెన్ చెట్టు చెక్కలో అతను చెక్కిన నమూనా. రాత్రి దాని వెనక అంచున ఆమె పెన్సిలుతో గీసిన గీత ఇప్పుడు అతని బొటనవేలికి బూడిదరంగు మసై అంటుకుంది.

"చూసుకోలేదు."

"నిన్న కూడా చూసుకోలేదు. మొన్నా చూసుకోలేదు. నీ వేలికి నీకంటే ఎక్కువ తెలివి ఉన్నట్టుంది." ఆమె కాఫీ గిన్నె లాక్కుని, చల్లారింది తనే తాగేసి, వేడిది పోసింది. "ఇదిగో వెండెలిన్, ఇవాళ గురువారం. ఎల్లుండి పండుగ సంఘం వాళ్ళు ఊరేగింపు కొయ్యముఖాలు చూస్తారు. ముక్కు లేని ముఖానికి ముద్ర వెయ్యరు. ముద్ర లేకపోతే సోమవారం ఊరేగింపులో దూకడం లేదు. నాకు చెక్కడానికి రేపంతా పడుతుంది. ఇవాళ సాయంత్రంలోగా నాకు ఈ తుపాకి చెక్క కావాలి."

"ఈ ఏడు దూకకపోతే ఏం? కాళ్ళు కూడా..."

"కాళ్ళ మాట తీసుకురాకు. ఒక ఏడు గోడకి వేలాడితే కొయ్యముఖం పగులుతుంది. లోపల మనిషి ఊపిరి తగలాలి దానికి." ఆమె చిన్న గొంతుతో అంది: "నువ్వూ అంతే."

అతను వేడి కాఫీ తాగాడు. నాలుక కాలింది.

ఆ నమూనా చెక్క వచ్చిన చెట్టు అతని తాత చిన్నప్పుడు, ప్రార్థనామందిరం వెనక గాలివానకి పడిపోయిన లిండెన్. దాని మొదట్లోంచి తాత పండుగకి తొడుక్కునే తన కొయ్యముఖం తీయించుకున్నాడు: పెద్ద కొక్కెం ముక్కు, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తేల్చి చెప్పని నోరు. మిగిలిన దుంగని అటకెక్కించారు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. కొయ్యముఖం ఉంటే, దాని చెట్టు ముక్క ఒకటి అటక మీద ఉంటుంది, ఎప్పుడు ఏ ముక్కు విరుగుతుందో అని.

ఆ దుంగని దింపింది వెండెలినే. ఆ తుపాకి పుట్టిన తొలి ఏడాది. కంప్యూటరు తెర మీద గీసిన తుపాకి బుగ్గ, కాల్చేవాడు చెంప ఆనించే వంపు, అతనితో మాట్లాడటం లేదు. చేత్తో తడిమితే తప్ప అతనికి ఏ వంపూ నమ్మకం కలగదు. నెమ్మదైన, ముసలి, నరాలు లేని చెక్క కావాలి. అటక మీద ఉందని తెలుసు, దుంగంతా నమూనాకే సరిపోయింది.

"ముక్కు విరిగితే?" అంది అప్పుడు ఇర్మ్‌ట్రౌట్. ఊళ్ళో కొయ్యముఖాలు చెక్కే వాళ్ళలో ఆమె ఒకతి. అడగాల్సిన మాటే అడిగింది.

"మా ముక్కులు విరిగే రకం కాదు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

పోయిన ఏడాది, కొయ్యముఖాలతో ఊరేగే ఫాస్నెట్ పండుగ సోమవారం, వెండెలిన్ నగర ద్వారంలోంచి గంటలు మోగించుకుంటూ అందరితో పాటు దూకుతూ వస్తున్నవాడు, ఒక్క క్షణం తుపాకి ముందు భాగం వేడెక్కడం గురించి ఆలోచించాడు. మంచు కట్టిన రాయి మీద కాలు జారింది. తొడుక్కున్న తాత కొయ్యముఖం ముక్కు విరిగి రాళ్ళ మీద ఎటో ఎగిరిపోయింది. జనం నవ్వారు. సాయంత్రం వీధులు ఊడ్చే బండి దాన్ని కూడా ఊడ్చుకుపోయింది.

*

వాళ్ళు దాన్ని చేప అనేవాళ్ళు. దానికి కాగితాల మీద వేరే పేరుంది, అక్షరమూ అంకే కలిపి. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. నున్నటి ఒళ్ళు, మొప్పల దగ్గర రెండు గీతలు, ఎక్కడా మూల లేదు. ఒకటే ఒళ్ళు. దానికి పొట్టి గొట్టం పెడితే ఇరుకు మెట్ల మీద మోసుకెళ్ళేది. పొడుగు గొట్టం పెడితే దూరం చూసేది. బరువు గొట్టం పెడితే నిలబడి ఆగకుండా పేల్చేది. తోక తీసి ఇంకో తోక. ఏ పనిముట్టూ అక్కర్లేదు. తూటా మొన చాలు పిన్ను తొయ్యడానికి. సముద్రం అవతలి సైన్యం అడిగింది. ఒకే తుపాకి నాలుగు తుపాకులు కావాలని అడిగింది.

వెండెలిన్‌కి కలలో అది నెక్కర్‌లో ఈదేది. వంతెన మీద నిలబడి చూస్తుంటే కిందుగా పోయేది, ఒక్కోసారి ఒక్కో తోకతో. తోక మారినప్పుడు అది అదేనా, వేరే చేపా? కలలో ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. మెలకువ వచ్చాక కూడా ముఖ్యంగానే ఉండేది. చట్టానికి మాత్రం జవాబు సులువు: నంబరు ఏ భాగం మీద ఉందో అదే తుపాకి, తక్కినవన్నీ సామాను. మరి మనిషిలో నంబరు ఎక్కడ వేసి ఉంటుంది? ఉదయం ఫ్యాక్టరీవాడు, సాయంత్రం మొగుడు, ఏడాదికోసారి కొయ్యముఖం తొడుక్కుని గంటలు మోగించే పిచ్చివాడు. ఏది ఊడదీసినా తక్కింది నడుస్తుంది. అయితే ఊడదీయలేనిది ఏది?

వంతెన దాటుతూ ఇదే ఆలోచించాడు. ఇవాళ ఫ్యాక్టరీలో చివరి చేపల్ని కోస్తారు. సాక్షిగా రమ్మన్నారు.

కోత గదిలో ఇద్దరే ఉన్నారు. చేప పని మొత్తానికి పెద్ద అయిన ఎబింగర్, ఉత్తరాది నుంచి వచ్చిన ఆవిడ, కోటు మీద కోటు వేసుకుని నిలబడి ఉంది. రంపం దగ్గర ముండింగ్. చేపకి అచ్చులు పోసింది అతనే. ఇరవై ఏళ్ళ పైన వెండెలిన్‌తో ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నవాడు. ఈనాటికీ ఇద్దరూ ఒకరినొకరు గారూ అనుకుంటారు, ఇంటిపేర్లతో పిలుచుకుంటారు. ఆ లోయలో మర్యాద అలాంటిది.

"రండి బాన్‌హోల్ట్‌సర్ గారూ," అన్నాడు ముండింగ్ వెండెలిన్‌ని చూసి. "మీరు కావాలంటే కళ్ళు మూసుకోవచ్చు. సాక్షికి చెవులున్నా చాలు."

"చాలవు," అంది ఎబింగర్. "నంబరు చదవాలి."

"చదువుతాను," అన్నాడు వెండెలిన్.

చదివాడు. ముండింగ్ ఒక్కో ఒళ్ళూ రంపం కిందికి తోశాడు. నల్ల ప్లాస్టిక్ కోసుకుపోతుంటే మాడిన పంచదార వాసన వచ్చింది. లోపలి ఉక్కు తగిలినప్పుడు మాత్రం రంపం గొంతు మారేది. మూడు ముక్కలయ్యాక పెట్టెలో పడేసేవాడు. తోకలూ గొట్టాలూ నంబరు లేనివి. వాటిని ఎవరూ కొయ్యలేదు, ఎవరూ చదవలేదు. అవి పక్క తొట్టిలో కుప్పగా, ఏ చేపకీ చెందని తోకలుగా పడి ఉన్నాయి.

ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. ఎక్కడో చాలా దూరంలో, మంచు కింద, తన పేరున్నవాడు ఏడుస్తున్నట్టు మాత్రం అనిపించింది.

"మీ దగ్గర చెక్క నమూనా ఉంది కదా," అంది ఎబింగర్, చేతులు రుద్దుకుంటూ. "అది ఉంచుకోండి. దానికి నంబరు లేదు."

"ఉంచుకుంటాను."

"ఉంచుకోనివ్వరు మేడమ్," అన్నాడు ముండింగ్, రంపం మీది పొడి బ్రష్‌తో తుడుస్తూ. "వాళ్ళావిడకి అందులోంచి ముక్కు కావాలి. ఊరంతటికీ తెలుసు. ముక్కు ఊడి ఏడాదైంది ఆయనకి."

ఎబింగర్ వెండెలిన్ ముఖం వైపు చూసింది, మర్యాదగా, ముక్కు ఉందో లేదో చూసినట్టు.

"కొయ్యముఖానికి మేడమ్, కొయ్యముఖానికి!"

"అదా. ఏదో ఒక చెక్క అతికించకూడదా? మీ ఊళ్ళో జిగురు దొరకదా?"

"అయ్యో, అదే చెట్టుది కావాలి." ముండింగ్ బ్రష్ పక్కన పెట్టేశాడు, ఇలాంటి సంగతి చేతిలో వస్తువు పెట్టుకుని చెప్పేది కాదు. "లోపల మనిషి గంటల తరబడి ఊపిరి వదులుతాడు. చెక్క తడిసి ఉబ్బుతుంది. ముక్కు వేరే చెట్టుదైతే అది వేరేగా ఉబ్బుతుంది. ఊరేగింపు సగంలో ఉండగానే ముక్కు దూకేస్తుంది జనంలోకి, మనిషి కంటే ముందు."

ఎబింగర్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆలోచనగా అంది: "మన చేప కూడా అలాగే పోయింది కదా. ఉక్కు ఒకలా ఉబ్బింది, ప్లాస్టిక్ ఇంకోలా ఉబ్బింది. ముందు భాగం వదులైపోయింది. తక్కినవన్నీ వాళ్ళు తర్వాత వెతుక్కున్న కారణాలు." ఆమె మాటలో నింద లేదు. లెక్క తేలినందుకు కలిగే చిన్న సంతోషం ఉంది, అంతే.

ముండింగ్ వెండెలిన్ వైపు చూడకుండా రంపం చుట్టూ ఊడ్చాడు.

ఏడేళ్ళ వయసు నుంచి నాకు తెలిసిన విషయం అది, అనుకున్నాడు వెండెలిన్. తాత ఒళ్ళో కూచుని విన్నది. అదే చెట్టుది కావాలిరా. అటకెక్కి ఆ చెట్టు ముక్కే దింపి, దాని మీద చెయ్యి పెట్టుకుని రోజుల తరబడి కూచుని, ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. విన్నది బుగ్గ వంపు ఒక్కటే.

*

బయటికి వచ్చేసరికి పొగమంచు పలచబడి, దానిలోంచి గంటలు వినిపిస్తున్నాయి. పండుగకి మొదటి రోజు, కొవ్వు గురువారం; మధ్యాహ్నం దాటితే ఊళ్ళో ఎవరూ పని చెయ్యరు. నూనెలో వేగే తీపి పిండిముక్కల వాసన సందుల్లోంచి వచ్చి కోటు పట్టుకుంటోంది. కొయ్యముఖాల వాళ్ళు కొందరు అప్పుడే వీధుల్లో తిరుగుతున్నారు. వాళ్ళకి ఈ పండుగ రోజుల్లో గారూ గీరూ లేదు. నగరాధ్యక్షుణ్ణయినా ఒరేయ్ అంటారు. దొంగ గొంతుతో మాట్లాడతారు. ఏడాదిలో నువ్వు చేసిన తెలివితక్కువ పని నలుగురిలో నీకు చెప్పి నవ్విస్తారు. నవ్వితే ఒక తీపి రొట్టెముక్క చేతిలో పెడతారు. ఎవరో గుర్తుపట్టినా పేరు చెప్పకూడదు.

వెండెలిన్ గోడవారగా నడిచాడు. రొట్టెల దుకాణం ముందు ఒక కొయ్యముఖం దారికి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్! చేపల వెండెలిన్! ఎటురా, గోడకి సున్నంలా అంటుకుపోతున్నావు?" సన్నటి కోడిపుంజు గొంతు. "రండర్రా, వినండి! వీడు ఎనిమిదేళ్ళు ఒకటే కుండ పొయ్యి మీద పెట్టాడు. ఏరా ఏం వండుతున్నావంటే చేప అన్నాడు. ఎవరికిరా అంటే, సముద్రం అవతలి చుట్టానికి అన్నాడు. ఒరేయ్, సముద్రంలో ఉన్నవాడికి కొండల్లోంచి చేప పంపిస్తావురా?"

జనం నవ్వారు. రొట్టెల దుకాణం ఆవిడ గడప మీదికి వచ్చి ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

"చుట్టం వచ్చాడా? వచ్చాడు! వాసన చూశాడు. తోక బాగుందన్నాడు, మొప్పలు బాగున్నాయన్నాడు. తల మాత్రం పొయ్యి మీదే కరిగిపోయింది! ఇక చేసేదేముంది, చుట్టం తన పాత ఎముకే కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. వీడు? వీడు ఇంకా గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఒరేయ్, కుండ లేదురా! పొయ్యి లేదురా! ఏం తిప్పుతున్నావురా?"

బాగుంది. నిజంగా బాగుంది, అనుకున్నాడు వెండెలిన్. ఇంకొకరి గురించి అయితే కడుపు పట్టుకుని నవ్వేవాడు. నోరు తెరిచాడు. నవ్వు రాలేదు.

కొయ్యముఖం ఆగింది. నవ్వేదాకా కదలకపోవడం ఆచారం. దగ్గరికి వచ్చింది, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికి. రెండు గుండ్రటి కన్నాలు. వాటి వెనక చీకటి. ఎర్రటి చెక్క బుగ్గలు నవ్వుతున్నాయి. నవ్వు అతని కోసం కాదు, ఎవరి కోసమూ కాదు, ఎప్పుడో ఎవరో చెక్కి వదిలేసిన నవ్వు.

అప్పుడు అతనికి చాలా చిన్న విషయం ఒకటి తట్టింది. ఇన్నేళ్ళూ తను కొయ్యముఖం లోపలి నుంచే చూశాడు. లోపల మెత్తగా ఉంటుంది. తాత చెమటకి నల్లబడిన చెక్క, సొంత ఊపిరి వెచ్చదనం, తన బుగ్గ కోసమే అరిగిన గుంట. బయటి నుంచి అది ఎదుటివాడికి ఎలా ఉంటుందో ఎప్పుడూ అడగలేదు. చేప కూడా అంతే. బుగ్గ ఆనే వైపే చెక్కాడు. ఆ వంపు మీద బుగ్గ ఆనించిన కుర్రాడికి ఇంట్లో దిండు మీద పడుకున్నట్టుండాలని చెక్కాడు. రెండో చివరన ఒక గుండ్రటి కన్నం ఉంది. దాని ఎదురుగా నిలబడినవాడికి కనిపించే ముఖం ఇది. ఆ ముఖాన్ని తను చెక్కలేదనుకున్నాడు. కాని ఒకే చెట్టు. లోపల చెక్కినవాడు బయట కూడా చెక్కినట్టే.

భయం వేసిందా? లేదు. ఎవరో చాలాకాలంగా తలుపు తడుతున్నారని, తను ఆ చప్పుడుని గడియారం అనుకుంటున్నాడని తెలిసినట్టుంది.

అతను అలా చూస్తూనే ఉన్నాడు. జనం నవ్వు మెల్లగా సద్దుమణిగి అటూ ఇటూ జరిగిపోయింది. కొయ్యముఖం లోపల ఎవరో పొడిగా దగ్గారు. రంపం పొడి పీల్చిన దగ్గు. వెండెలిన్ చేతిలో కాగితంలో చుట్టిన రొట్టెముక్క పడింది, నవ్వకుండానే.

"ఇంటికి వెళ్ళండి, బాన్‌హోల్ట్‌సర్ గారూ," అంది కొయ్యముఖం, దొంగ గొంతు మరిచిపోయి, నెమ్మదిగా. "మీ ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

మరుక్షణం గంటలు గల్లుమన్నాయి. అది ఎగురుకుంటూ వెళ్ళి రొట్టెల దుకాణం ఆవిడ మీద పడింది. "ఒసేయ్, నీ రొట్టెలో ఉప్పెక్కడే?..."

*

ఇర్మ్‌ట్రౌట్ పనిచేసే గది ఇంటి కింద, ఏటి వైపు ఉంటుంది. పడమటి కిటికీ ఒకటే వెలుతురు. వెండెలిన్ వెళ్ళేసరికి ఆమె ఎవరిదో కొయ్యముఖానికి రంగు ముట్టిస్తోంది. చెవి వెనక పెన్సిల్, జుట్టులో చెక్కపొట్టు.

"కోసేశారా?"

"కోసేశారు."

"ఏడ్చావా?"

"ముండింగ్ గారు రంపం పొడి బాగా తుడిచారు," అన్నాడు. అది జవాబు కాదని అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు. రొట్టెముక్క ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూసి, సగం తుంచి నోట్లో వేసుకుంది.

"నవ్వావన్నమాట."

"లేదు. ఊరికే ఇచ్చారు."

ఆమె నమలడం ఆపి అతని వైపు చూసింది. ఊరికే ఇవ్వడం ఆ ఊళ్ళో ఎప్పుడూ వినని సంగతి. రంగు గిన్నె మూత పెట్టింది.

గోడ మీద తాత కొయ్యముఖం. ముక్కు ఉండాల్సిన చోట తెల్లటి, పచ్చి గాయం. వెండెలిన్ దాన్ని దింపి, చాలాకాలం తర్వాత, ముఖానికి పెట్టుకున్నాడు. బుగ్గ తన గుంటలో తాను కూచుంది. లోపల పాత తేనెమైనం వాసన, చెమట వాసన, ఎవరిదో తెలియని నిద్ర వాసన. ముక్కు ఊడిన బీటలోంచి సన్నగా చలిగాలి తగిలింది, సరిగ్గా అతని నిజం ముక్కు కొస మీద. కన్నాల్లోంచి ఇర్మ్‌ట్రౌట్ చిన్నగా, గుండ్రంగా, దూరంగా, దీపం పట్టుకున్న బొమ్మలా కనిపించింది.

"ఎలా ఉన్నాను?" అన్నాడు లోపల్నుంచి.

"భయంకరంగా ఉన్నావు," అంది ఆమె. "ముక్కు లేనివాడు నవ్వుతుంటే చూడలేం. తియ్యి."

తీశాడు. బల్ల మీద చెక్క తుపాకి ఉంది. పొద్దున అతను చెరిపేశాక ఆమె మళ్ళీ గీసింది. బుగ్గ ఆనే వంపుకి బాగా వెనక, తోక మొదలయ్యే అంచున, ఇరుగ్గా, ముక్కు ఆకారంలో ఒక గీత. ఇన్నిసార్లు చెరిపినా అతను దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. కిటికీ వెలుతురుకి వంచి చూశాడు. చెక్క పీచు అక్కడ వాలుగా పోతోంది. కొమ్మ పుట్టిన చోటుకి దగ్గర.

"ఇక్కడెందుకు గీశావు?"

"ఎక్కడో ఒకచోట గియ్యాలి కదా."

"ఇర్మా. పీచు వంకరగా ఉంది ఇక్కడ. నుదుటి నుంచి కొసదాకా నిలువుగా రావాలి. ఇక్కడ తీసిన ముక్కు గాలి వీచినా విరుగుతుంది. నాకు తెలిస్తే నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

ఆమె కుంచె కడగడం మొదలుపెట్టింది. కడిగిన కుంచెనే మళ్ళీ కడిగింది.

"అక్కడ తీస్తే నీ బుగ్గ మిగులుతుంది," అంది చివరికి, అతని వైపు తిరగకుండా. "చేపకి ఆ ఒక్కటే బాగుందని అందరూ అన్నారు కదా. అది పాడుచెయ్యబుద్ధి కాలేదు. విరిగితే విరుగుతుంది. నువ్వు పడకుండా దూకు, అంతే."

ఏటి మీద వెలుతురు గోధుమరంగుకి తిరిగింది. ఎక్కడో గంటలు, ఎక్కడో పిల్లల కేకలు, ఎక్కడో ఒక బాకా ఒకే పాట మొదలుపెడుతూ ఆపుతూ ఉంది. వెండెలిన్ నమూనా మీద అరచెయ్యి పరిచాడు. ఆ వంపు అతని చేతిని గుర్తుపట్టింది. ఎన్ని వందలసార్లు ఇలా నిమిరాడో. ఎప్పుడూ ఏదో సరిచెయ్యడానికే. ఇవాళ మొదటిసారి సరిచెయ్యాల్సిందేమీ కనిపించలేదు. మీటని వేలెడు వెనక్కి జరపాలన్న పొద్దుటి మాట గుర్తొచ్చింది. అది ఎవరో రైలు కిటికీలోంచి అరిచి చెప్పిన మాటలా, సగం వినిపించి, వెళ్ళిపోయింది.

వంపు నడిబొడ్డున, బుగ్గ ఎముక ఆనే చోట, పీచు నిలువుగా, దువ్విన జుట్టులా దిగుతోంది. తాత దుంగలో ఇంతకంటే మంచి చోటు లేదు. అందుకే కదా ఎనిమిదేళ్ళ కిందట బుగ్గ అక్కడే చెక్కాడు.

బొటనవేలితో ఆమె గీత చెరిపేశాడు.

"మళ్ళీనా!" ఇర్మ్‌ట్రౌట్ కుంచె బల్ల మీద పడేసింది. "సరే. నీ ఇష్టం. గోడకి ఇద్దరినీ పక్కపక్కనే వేలాడదీస్తాను, నిన్నూ మీ తాతనీ."

అతను ఆమె వెనక్కి వెళ్ళి, చెవి వెనక ఇరుక్కున్న పెన్సిల్ మెల్లగా లాగాడు. రెండు వెంట్రుకలు దానితో పాటు వచ్చాయి. ఆమె "అబ్బా" అంది. అతను బల్ల మీదికి వంగి, నాలుక కొసతో పెన్సిల్ మొన తడి చేసుకుని, వంపు నడిబొడ్డున, పీచు వెంట, పై నుంచి కిందికి, తాత ముక్కు గీశాడు.